శత్రువు నడక

ఆమె గ్లాసులు కడుగుతోందన్న మాటే గానీ చెవులన్నీ కింద వీధిలోనే ఉన్నాయి. ఆయన బండి ఆగింది. స్టాండు మెల్లగా వేస్తే ఈ పూటకి గండం గడిచినట్టే. కాలితో ఫట్టున తన్నితే ఎవరి మీది కోపమో ఇంటిదాకా వచ్చినట్టు. తన్నాడు. ఆమె కుళాయి కట్టేసింది, నీళ్ళ చప్పుడు కూడా తన తప్పే అవుతుందేమోనని. ఆయన చెయ్యి చేసుకునే మనిషి కాదు. ఆ మాట అందరికీ తనే చెప్పుకుంటాడు కూడా. ఈరోజు చేజారి పగిలిన గ్లాసుకి ఈరోజు ఏమీ అనడు. నాలుగు రోజులాగి, చుట్టాల ముందు నవ్వుతూ అంటాడు. అనేదాకా గడిచే ఆ రోజులే ఆమె ప్రాణం తోడేస్తాయి.

వీడియో గేముల ఇంజనీరింగులో ఎంటెక్ సీటు వచ్చినప్పుడు అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. "ఆటలకి కూడా చదువేమిటే తల్లీ! మేం వీధిలో ఊరికే నేర్చుకున్నాం." ఆ మాటకి ఆమెకి నిజంగానే నవ్వొచ్చింది. ఆయన మాటకే రాలేదు. "సరే, చదువుకో. ఒక్క సబ్జెక్టు తప్పావో, పుస్తకాలు అటకెక్కాల్సిందే." అందుకే ఇంటిల్లిపాదీ లేవకముందే వంట ముగించి, బట్టలు ఆరేసి, ప్రాజెక్టు ముందు కూర్చునేది. ఆట చిన్నదే. ఒక ఇల్లు, అందులో ఒక శత్రువు, వాడికి దొరక్కుండా తిరగాల్సిన ఒక మనిషి. శత్రువు ఎక్కడ ఆగాలి, ఏ చప్పుడుకి తల తిప్పాలి, విన్నా విననట్టు ఎప్పుడు ఊరుకోవాలి, ఆ కోడంతా ఆమే రాసింది. ఒక్క పుస్తకం తెరవాల్సిన పని పడలేదు. ఇంత తేలిగ్గా ఎలా వచ్చేసిందా అని మురిసిపోయింది కూడా, పిచ్చిది.

ఆఖరి రివ్యూ రోజున ల్యాబులో ప్రాజెక్టు గైడు మేడమే కూర్చుని ఆడారు. ఇలాంటి ఆటలు ఎన్నో దిద్దిన మనిషి, ఓ పట్టాన జడిసే రకం కాదు. శత్రువు గది గుమ్మం దగ్గర ఆగి, లోపలికి రాకుండా ఊరికే నిలబడేసరికి ఆవిడ చెయ్యి మౌసు మీదే బిగుసుకుపోయింది.

"అమ్మో! అరవడు, పరిగెత్తడు, అయినా గుండె జారిపోతోంది. ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఇది?"

ఆమె నవ్వి, పక్క గదివైపు చూపించింది.

మంచం కింద, బీరువా వెనక, స్నానాలగదిలో దాక్కుంటూ చాలాసేపు ఆడి, మేడమ్ కుర్చీలో వెనక్కి వాలారు.

"దాక్కునే చోట్లు బోలెడున్నాయి. బయటికి తలుపేదీ?"

"తలుపా మేడమ్?"

"గెలవాలిగా! ఆట ముగిసేదెలా?"

"దొరక్కుండా ఉండటమే కదా మేడమ్, గెలవడం?"

అనేశాక తన గొంతు తనకే వినిపించింది. ఇన్నాళ్ళూ గోడలు కట్టింది, కిటికీలు పెట్టింది, పరదాలు కూడా వేసింది. ఆ ఇంట్లో మనిషికి బయటికి వెళ్ళాలనిపిస్తుందన్న ఆలోచనే రాలేదు. ఆమెకి భయం వేసింది. మార్కుల భయం కాదది.

మేడమ్ గొంతు తగ్గించారు. "శత్రువుకి వందకి వంద వేస్తాను. ఆటకి మాత్రం ఇలాగైతే పాస్ మార్కు వెయ్యలేనమ్మా. వారం టైమిస్తాను, దారి పెట్టుకుని రా."

బల్ల మీద ఫోను వణికింది. ఆయనే. ఇంటికి ఆలస్యమైతే ఆయనేమీ అనడు, ఈరోజు అనడు. ఆమె చెయ్యి అలవాటుగా ఫోను మీదికి పోయింది. ఆమెకి జన్మలో ఇంత భయం వెయ్యలేదు. ఆ భయంతోనే ఫోను బోర్లా తిప్పి పెట్టింది.

"మేడమ్, మన హాస్టల్లో పెళ్ళైనవాళ్ళకి గది ఇస్తారా?"