కోడలి చోటు కింద కరెంటు

"ఆ నేల వేడిచేసే తీగంతా తోర్ కిందే వేయించు. గుమ్మం దగ్గర ఎవరున్నారని, అక్కడ వెచ్చగా ఉండడానికి?" అన్నాడు తుర్దుబెక్ కొడుకుతో, రొట్టె నములుతూ.

గుమ్మం దగ్గర కోడలు జిపార్ ఉంది. టీ నీళ్ళు కాగే సమోవర్ పక్కన మోకాళ్ళు ముడుచుకుని అందరికీ టీ పోస్తోంది. పెళ్ళయి వచ్చిన రోజు నుంచీ ఆమె చోటు అదే. గుమ్మానికి ఎదురుగా గోడవారన ఉన్న పెద్దల చోటును తోర్ అంటారు. అక్కడ మూడు ఉన్ని తివాచీలు, వాటి మీద పరుపులు, ఆ పరుపుల మీద మామగారు. తలుపు సందులోంచి వచ్చే గాలి ఆయన దాకా పోవాలంటే ముందు జిపార్ వీపు దాటుకుని పోవాలి. గాలి కూడా కాస్త మంచీ మర్యాదా తెలిసినదే, పెద్దల దాకా పోకుండా ఆమె దగ్గరే ఆగిపోయేది.

ఎత్తు కొండల మీది ఈ నారిన్ ఊరి చలి గురించి చెబితే కింది ఊళ్ళవాళ్ళు నమ్మరు. ఇక్కడ జనవరిలో కుక్క మొరగడానికి నోరు తెరిస్తే మళ్ళీ మూయడానికి మార్చి రావాలి. తుర్దుబెక్ తమ్ముడు ఒకసారి పెరట్లో తుమ్మితే ఆ తుమ్ము గడ్డకట్టి ఎగిరి, ఎదురింటి కోడిపుంజు నెత్తి పగలగొట్టింది. అబద్ధమైతే ఆ పుంజునే అడగండి, ఇంకా కుంటుతూనే ఉంది. నెత్తి పగిలితే కుంటడమేమిటని మాత్రం అడక్కండి.

అలాంటి చలిలో జిపార్‌కు నడుము పట్టేసేది. రాత్రి పడుకుంటే ఒంట్లో కింది సగం తనది కాదన్నట్టు ఉండేది. "నేల చల్లదనం ఆడవాళ్ళకి మంచిది కాదే, కింద ఏమైనా వేసుకో" అనేది అత్తగారు బాత్మా. వేసుకోవడానికి పరుపు ఇచ్చేది కాదు. పరుపులన్నీ తోర్ మీద దొంతర్లు పెట్టి ఉండాలి, వచ్చినవాళ్ళు చూడాలి కదా. పైగా మాటిమాటికీ లేచే మనిషికి పరుపెందుకు? టీ పోస్తే లేవాలి, రొట్టె అయిపోతే లేవాలి, పాలు పొంగితే లేవాలి, ఎవరో తలుపు కొడితే లేవాలి.

అందుకే భర్త ఎర్మెక్ రాజధాని బిష్కెక్ నుంచి నేల వేడిచేసే కరెంటు తీగల చుట్ట పట్టుకొచ్చినప్పుడు ఆమెకు ఆశ పుట్టింది. ఎర్మెక్ టాక్సీ నడుపుతాడు. కొట్లో గది కొలతలు అడిగితే రెండు చేతులూ బారజాపి "ఇంత" అన్నాడట. ఆ ఇంతకి సగం గది కూడా నిండదు. మిగతా సగం ఎవరిదో అందరికీ తెలుసు.

వైరింగు చేసే అతను మేనల్లుడి పెళ్ళికని వెళ్ళి, పెళ్ళయినా తిరిగి రాలేదు. "నేను చేస్తాను" అంది జిపార్.

ఆమె బిష్కెక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివిందని అందరికీ తెలుసు. పెళ్ళి చూపుల్లో చెప్పుకోవడానికి పనికొచ్చిన చదువు అది. పెళ్ళయ్యాక ఆమె పెట్టెలో టెస్టరు కనబడితే, "కోడలి చేతికి ఇదెందుకమ్మా, పిల్లలు కళ్ళలో పొడుచుకుంటారు" అని బాత్మా తీసి దాచేసింది. పిల్లలప్పటికి పుట్టనైనా లేదు.

"షాక్ కొడితే?" అన్నాడు ఎర్మెక్.

"కొడితే మీరు పిండి కలపడం నేర్చుకోవాలి" అంది జిపార్.

మర్నాడే మొదలుపెట్టింది. మెయిన్ ఆపి, అత్తగారు దాచిన టెస్టరు వెతికి తీసి దానితో చూసుకుని, బోర్డు నుంచి విడిగా ఒక లైను లాగడానికి గోడలో గాడి తీసింది. తీగల చుట్ట విప్పి మీటరు పెట్టి ఎక్కడా తెగలేదని చూసుకుంది. సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా బాత్మా ఉలిక్కిపడి, "ఎలకని కోడలిగా తెచ్చుకున్నామా?" అని గొణిగింది. అంతలోనే "మధ్యాహ్నానికి పిండి ఎవరు కలుపుతారు?" అని కూడా అడిగింది. జిపారే కలిపింది, గోళ్ళలో సున్నం పోయేదాకా చేతులు కడుక్కుని. గోడ తొలిచే రోజైనా, పిల్లలకు జ్వరం వచ్చిన రోజైనా ఆ ఇంట్లో పిండి తనంతట తాను కలవదు.

పిండి పిసుకుతూ ఆమె సెన్సరు గురించే ఆలోచించింది. తీగల మధ్య సన్నటి గొట్టంలో పడుకుని, నేల ఎంత వేడెక్కిందో గోడ మీది థర్మోస్టాట్‌కు చెప్పేది ఆ సెన్సరే. అది ఎక్కడుంటే అక్కడి సంగతే చెబుతుంది. అక్కడ వెచ్చబడితే చాలు, థర్మోస్టాట్ కరెంటు ఆపేస్తుంది, మిగతా గది బిగుసుకుపోతున్నా దానికి పట్టదు. ఈ ఇంటి సెన్సరు ఇన్నేళ్ళూ మామగారి మోకాలి కిందే ఉంది కదా అనిపించింది ఆమెకు. ఆయన మోకాలు వెచ్చబడితే ఇల్లంతా వెచ్చగా ఉన్నట్టే, ఆయన కడుపు నిండితే అందరూ తిన్నట్టే. నేనూ అలాగే నమ్మానేమో, నడుము నొప్పి కూడా నాది కాదేమో అన్నట్టు తిరిగానేమో అనుకుంది. పిండి ముద్దను గట్టిగా ఒక్క గుద్దు గుద్దింది.

సాయంత్రం మామగారి ముందుకు వెళ్ళి నిలబడింది. "మామయ్యా, తోర్ కింద తీగ వేస్తే పైనున్న తివాచీలన్నీ తీసేయాలి."

"ఎందుకు తీయాలి?"

"వేడి పైకి రావడానికి దారి ఉండదు. తీగ లోపల్లోపలే కాలిపోతుంది. మీ అమ్మగారు చేసిన తివాచీకి కూడా అంటుకుంటుంది."

తుర్దుబెక్ పరుపు మీద చేత్తో చరిచాడు. "తోర్ మీద బోడి నేలా? రేపు వియ్యంకులు వస్తే నన్ను నేల మీద చూస్తారా? చచ్చినా వీల్లేదు!"

"మరి తీగ ఎక్కడ వేయమంటారు? ఏమీ పరచని నేల గుమ్మం దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు."

"అయితే అక్కడే వేసి చావు!" అన్నాడాయన, గెలిచినవాడిలా.

పల్చటి చాప ఒకటి వేసుకుంటే తోర్ కింద కూడా తీగ బతుకుతుందని జిపార్‌కు తెలుసు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కోడళ్ళు తక్కువ మాట్లాడాలని ఇన్నేళ్ళుగా నేర్పింది ఈ ఇల్లే. ఇవాళ ఆ నేర్పు మొదటిసారి ఆమెకు పనికొచ్చింది. నోరు మూసుకుంది.

గుమ్మం నుంచి సమోవర్ దాకా తీగ వంకీలు తిప్పి పరిచింది. గొట్టం చివర సిమెంటు దూరకుండా మూతి బిగించి, సెన్సరును సరిగ్గా తను కూర్చునే చోట పెట్టింది. థర్మోస్టాట్‌ను కూర్చుంటే చెయ్యి అందే ఎత్తులో బిగించడానికి గోడలో పెట్టె తొలిచింది. "అది నాన్న వైపు పెట్టరాదూ?" అన్నాడు ఎర్మెక్. "సెన్సరు తీగ అంత దూరం రాదండీ" అంది. అది మాత్రం నిజమే. బిగించింది, పైన సిమెంటు పోసి పలకలు వేయించింది, ఆరేదాకా ఎవరెంత తొందరపెట్టినా మీట ముట్టుకోనివ్వలేదు.

మీట వేసిన మధ్యాహ్నం బయట మంచు మోకాలి లోతు ఉంది. ముందు బాత్మా చెప్పు కోసం వెతుకుతూ గుమ్మం దగ్గరికొచ్చింది. చెప్పు దొరికింది, ఆవిడ మాత్రం వెనక్కి పోలేదు. ఎర్మెక్ టాక్సీ తాళాలు వెతుకుతూ వచ్చాడు. పిల్లలకు వెతకడానికి సాకు కూడా అక్కర్లేకపోయింది. చివరికి తుర్దుబెక్ దగ్గుతూ లేచి, "ఏదీ, పనిలో లోపముందేమో చూద్దాం" అంటూ వచ్చి అరికాళ్ళు పలకల మీద పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. సమోవర్ పక్కన, కోడలి చోట్లో, చతికిలబడ్డాడు.

పిండి ముద్దలు నూనెలో వేయించి చేసిన బోర్సోక్‌లు పళ్ళెంలో పట్టుకుని జిపార్ వంటింట్లోంచి వచ్చేసరికి గుమ్మం దగ్గర చీమ దూరే సందు లేదు. గదంతా కలిపి ఖాళీగా ఉన్నది ఒక్క తోర్.

మామూలుగా అయితే నిలబడేది. ఎవరైనా జరుగుతారేమోనని చూసేది, జరక్కపోతే వంటింట్లోకి పోయేది. కాళ్ళు అటే తిరిగాయి కూడా. మళ్ళీ ఆగింది. పళ్ళెం వాళ్ళ మధ్య పెట్టి, గదికి అడ్డంగా నడిచి వెళ్ళి, మూడు తివాచీల మీద, పరుపుల మీద, గోడకు వీపు ఆనించి కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఇంత మెత్తగా ఉంటుందని ఎవరూ చెప్పలేదే!

బాత్మా నోట్లో బోర్సోక్ అలాగే ఉండిపోయింది.

"మామయ్యా, సమోవర్ మీ పక్కనే ఉంది" అంది జిపార్. "నాకు టీ పోస్తారా?"

తుర్దుబెక్ లేవాలంటే వెచ్చటి నేల వదలాలి. పోయకుండా కూర్చోవాలంటే అంతమంది కళ్ళూ ఆయన మీదే ఉన్నాయి. టీ పోశాడు. బతుకులో మొదటిసారి పోస్తున్నాడేమో, టీ గిన్నె అంచులదాకా నింపేశాడు.

"నిండా పోస్తావేమయ్యా!" బాత్మా అరిచింది. "తాగి ఇక వెళ్ళమని చెప్పడానికి అలా పోస్తారు! ఉండాలనుకునేవాళ్ళకి సగమే పోయాలి, మళ్ళీ మళ్ళీ అడిగేలా. పిల్లని ఇంట్లోంచి పొమ్మంటావా?"

ఆయన నాలిక్కరుచుకుని సగం వంపేసి, గిన్నెను కొడుక్కిచ్చి తోర్ దాకా పంపించాడు. జిపార్ తొందరపడకుండా చివరి గుక్క దాకా తాగింది. తాగి, ఖాళీ గిన్నె ముందుకు చాపింది.

"ఇంకొంచెం, మామయ్యా."