పేలని రెండో తూటా

మధ్యాహ్నం మూడింటికి విచారణ. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తేలడానికి ఇంకా ఆరు గంటల టైముంది. నా మీద మూడు రిపోర్టులున్నాయి. మూడింట్లోనూ ఒకటే మాట: పిస్టల్‌లో లోపం లేదు, కానిస్టేబుల్ భయంతో బిగుసుకుపోయింది.

తొమ్మిది రోజుల కిందట గోదాముల రోడ్డు మీద వాహనాల తనిఖీలో ఉన్నాం. నాలుగు గంటలు కుండపోత వానలో నానాం. ఒక వ్యాను ఆగకుండా పోబోయి గోడకు గుద్దుకుంది. అందులోంచి దూకినవాడు కత్తి పట్టుకుని మా జీపు డ్రైవర్ మీదికి వచ్చాడు. ఆ డ్రైవర్ మా అక్క మొగుడు. నేను ఒకసారి కాల్చాను. గురి తప్పింది. మళ్లీ నొక్కబోతే ట్రిగ్గర్ కదల్లేదు. నొక్కిన చోటే వెనక్కి ఉండిపోయింది. ఈలోగా కత్తి బావ భుజంలో దిగింది. వాడు పారిపోయి మర్నాడు దొరికాడు.

ఆస్పత్రిలో బావ నన్ను చూడగానే మొదలెట్టాడు. "గురి అదిరింది మరదలా. వ్యాను హెడ్‌లైటు ఒక్క దెబ్బకి చచ్చింది." పక్కనే అక్క నా మొహం చూడకుండా మాత్రల చీటీ చదువుకుంటూ కూర్చుంది. స్టేషన్‌లో నాకు కొత్త పేరు వచ్చింది: ఫోటో. ఫోటోలోలాగా కదలకుండా నిలబడ్డానని. ఆ పేరు పెట్టింది మా బ్యాచ్ పొడుగోడు.

ఆర్మరీలో నా ఎదురుగా కూర్చున్న పెద్దాయన్ని అందరూ స్ప్రింగు బాబాయ్ అంటారు. ముప్పై నాలుగేళ్లుగా మా తుపాకులు బాగుచేస్తున్నాడు. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు మూడు స్ప్రింగులు ఉంటాయి. ఇంకో నెలలో రిటైరవుతున్నాడు. నా పిస్టల్‌ని పరీక్షకు పంపినప్పుడు సెలవులో ఉన్నాడు. ఆ ఉదయమే వచ్చి, తన అభిప్రాయం కూడా రాయాలంటూ పిస్టల్ తెప్పించుకున్నాడు.

మ్యాగజైన్ తీశాడు. లోపల తూటా కూర్చునే గది ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు వేలు పెట్టి చూశాడు. ట్రిగ్గర్ నొక్కి అలాగే పట్టుకుని, పైనున్న స్లయిడ్ వెనక్కి లాగి వదిలాడు. తర్వాత వేలు మెల్లగా సడలించాడు. టిక్కుమంది. ట్రిగ్గర్ ముందుకు వచ్చి మళ్లీ కాల్చడానికి సిద్ధమైందని ఆ చప్పుడు అర్థం. అలా యాభైసార్లు చేశాడు. యాభైసార్లూ టిక్కుమంది.

"చూశారా బాబాయ్, నాకు మాత్రమే మొండికేస్తుంది," అన్నాను.

"ఉండవే తల్లీ. ఆ రోజు ట్రిగ్గర్ లూజుగా ఊగిందా, ఇరుక్కుందా?"

"ఇరుక్కుంది. బురదలో కాలు దిగినట్టు."

"నువ్వేం చేశావు?"

"గోరు వెనక పెట్టి ముందుకు తోశాను. సగం దాకా వచ్చి ఆగిపోయింది."

ఆయన కళ్లద్దాలు తీసేశాడు. "ఈ మాట వాళ్లకు చెప్పావా?"

"ఎవరూ అడగలేదు. ఎందుకు కాల్చలేదు, ఎందుకు కాల్చలేదు, అంతే."

"భయంతో బిగుసుకుపోయినవాళ్లు గోరుతో తోయరు. స్ప్రింగు విరిగితే ఊగుతుంది. ఇది ఊగలేదు. ఏదో పట్టుకుని ఆపింది."

 తొమ్మిది రోజుల్లో నన్ను నమ్మిన మొదటి మనిషి ఆయన. నమ్మడం కూడా పెద్ద మాటేమో. అడిగి, చెప్పింది విన్నాడు.

పిడికి కుడివైపున్న చెక్క పలకను విప్పాడు. దాని కింద ఒక సన్నటి ఇనుప పట్టీ ఉంది. ట్రిగ్గర్ కదిలితే అదీ కదులుతుంది. పలకను తిరగేసి కిటికీ వెలుగులో పెట్టాడు. లోపలివైపు చెక్క మీద వేలెడు పొడవున నున్నటి గీత మెరిసింది. ఆ పట్టీ ఒరుసుకున్న గుర్తు.

బాబాయ్ ఆ గీత మీద బొటనవేలు అటూ ఇటూ నడిపాడు.

"వానలో చెక్క ఉబ్బింది," అన్నాడు చివరికి. "ఉబ్బి పట్టీని అదిమేసింది. నొక్కడానికి నీ వేలి బలం ఉంది కాబట్టి మొదటి గుండు పేలింది. ముందుకు రావడానికి మాత్రం ఈ బుల్లి స్ప్రింగే దిక్కు. దాని వల్ల కాలేదు. తర్వాత బీరువాలో తొమ్మిది రోజులు ఆరింది. ఎవడు కాల్చినా శుభ్రంగా పనిచేసింది."

నాకు లేచి గంతేయాలనిపించింది. ఆయన మొహం చూసి ఆగాను. అప్పుడు గుర్తొచ్చింది. ఆ పలకలు ఆయన చేసినవే. షూటింగ్ పోటీలో నాకు పతకం వచ్చినప్పుడు, నీ చెయ్యి చిన్నది, ప్లాస్టిక్ పిడి లావైపోతోంది అంటూ తనే చెక్కి బిగించాడు. రూల్సు ప్రకారం అలా మార్చకూడదు. ఇద్దరికీ తెలుసు.

"బాబాయ్, స్ప్రింగు బలహీనంగా ఉందని రాసెయ్యండి. పలకలు మార్చేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

"మిగతా నలుగురి సంగతో?"

"ఏ నలుగురు?"

"నీవి చూసి ముచ్చటపడి ఇంకో నలుగురు చేయించుకున్నారు. అందులో ఇద్దరు ఇప్పుడు డ్యూటీలో ఉన్నారు." కిటికీ వైపు చూశాడు. పొద్దుటి నుంచి జల్లు పడుతూనే ఉంది.

కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేశాడు. ఆ నలుగురి పిస్టల్ నంబర్లు చదివాడు. వాళ్లను వెంటనే డ్యూటీ నుంచి తప్పించి, ఆయుధాలతో ఆర్మరీకి పంపమన్నాడు. కారణం అడిగారు. "నేను బిగించిన చెక్క పలకల వల్ల ట్రిగ్గర్ ఇరుక్కుంటోంది. అవును, నేనే. పేరుతో సహా రాసుకోండి." ముప్పై నాలుగేళ్ల మచ్చలేని సర్వీసును అర నిమిషంలో ఫోన్‌లో అప్పజెప్పేశాడు. తర్వాత పలక మళ్లీ బిగించి, చెక్క ఉబ్బడానికి నా పిస్టల్ పిడికి తడిగుడ్డ చుట్టి బల్ల మీద పెట్టాడు.

పన్నెండున్నరకు ఆ నలుగురిలో ఒకడైన పొడుగోడు వచ్చాడు. టోపీ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. పొద్దున ఆరింటి నుంచి వానలోనే ఉన్నాడు.

"ఏంటి బాబాయ్, ఫోటో మేడమ్ కోసం మా డ్యూటీలు కూడా చెడగొడతావా?"

బాబాయ్ చెయ్యి చాపాడు. వాడి పిస్టల్ తీసుకుని ఖాళీ చేశాడు. నొక్కి, స్లయిడ్ లాగి, వేలు వదిలాడు. టిక్కుమనలేదు. ట్రిగ్గర్ వెనకే ఉండిపోయింది. దాన్ని అలాగే పొడుగోడికి ఇచ్చాడు. వాడు గోరు పెట్టి తోశాడు. సగం దాకా వచ్చి ఆగింది. వాడు ఇంకోసారి తోశాడు. వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు.

మూడింటికి విచారణాధికారిణి బల్ల మీద రెండు పిస్టళ్లు పెట్టాం. ఆమె ముక్కుసూటి మనిషి. తనే నొక్కి చూసింది. రెండూ ఇరుక్కున్నాయి. పలకలు విప్పించి మళ్లీ చూసింది. రెండూ టిక్కుమన్నాయి.

"ఈ చెక్కలు ఎవరు బిగించారు?"

"నేనే మేడమ్," అన్నాడు బాబాయ్.

"అనుమతి ఉందా?"

"లేదు మేడమ్. ఈ అమ్మాయి అడగలేదు కూడా. నా అంతట నేనే బిగించాను. ఎండలో పరీక్షించాను. తడిపి చూడాలన్న బుద్ధి పుట్టలేదు."

ఆమె చాలాసేపు రాసింది. నా మీద ఆరోపణ కొట్టేసింది. బాబాయ్ సర్వీసు పుస్తకంలో తీవ్ర మందలింపు ఎక్కించింది. మూసేముందు ఆయన వైపు చూసి, "నలుగురినీ పొద్దున్నే వెనక్కి పిలిపించారు. అది కూడా రాశాను," అంది.

వరండాలో పొడుగోడు నా దారికి అడ్డంగా నిలబడ్డాడు. "ఆ పేరు పెట్టింది నేనే. తప్పయిపోయింది. రేపు స్టేషన్‌లో అందరి ముందూ చెప్తా." సరేనన్నాను. తిట్టే ఓపిక కూడా లేదు.

ఫోన్ మోగింది. అక్క. బావకు ఎవరో అప్పుడే చెప్పేశారట.  "పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?" అంది. లేదన్నాను. "ఇంటికి రా. ఆ బాబాయ్‌నీ తీసుకురా," అంది. వెనక నుంచి బావ, "హెడ్‌లైటు డబ్బులు ఎవరిస్తారో కూడా అడుగు," అంటున్నాడు.

బాబాయ్ అప్పటికే మెట్లు దిగుతున్నాడు. పరుగెత్తి పట్టుకున్నాను. 

"బాబాయ్, మీ రుణం..."

"ఏం రుణమే. నీ చేతిలో ముల్లు గుచ్చిందీ నేనే, తీసిందీ నేనే."

"మీరు నోరు మెదపకపోయినా మీకు జరిగిపోయేది."

"ఎలా జరిగిపోతుంది? నువ్వు గోరుతో తోశానని చెప్పకపోతే పొడుగోడు ఇంకా ఆ వానలోనే ఉండేవాడు." చొక్కా చివరతో కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "థాంక్స్ అమ్మాయ్."

నేను చెప్పాల్సిన మాట ఆయనే చెప్పేశాడు. అక్క భోజనానికి రమ్మందని చెప్పి, గొడుగు విప్పి ఆయన పక్కన నడిచాను. అక్క ఇల్లు రెండు వీధుల అవతలే.