జక్రయ్య చేతి కొలత

ప్రత్తిపాడు చుట్టుపక్కల తంబురా గొంతు చెడితే జక్రయ్య దగ్గరికే తెచ్చేవాళ్ళు. భజన మేళాలవాళ్ళు, తత్వాలు పాడేవాళ్ళు ఆయన చేసిన గుర్రమే కావాలనేవాళ్ళు. గుర్రమంటే తీగెలు ఆనుకునే చెక్కముక్క. దాని వీపు రవంత వాలుగా ఉండాలి. నాదమంతా ఆ వాలులోనే ఉంది. జక్రయ్య ఏనాడూ స్కేలు పట్టలేదు. తీగె కింద నూలుపోగు దూర్చి, దాన్ని జరుపుతూ, తీగె మీటి వింటూ, ఆకురాయితో రుద్దేవాడు. ఏ కర్రకా కర్రే, దేని వాలు దానిదే అనేవాడు.

కొడుకు ఫిలిప్ ఆ ఇంట్లో మొదటి ఇంజనీరు. గుంటూరు రోడ్డులో త్రినాథ్ గారి షెడ్డులో, తలుపుల మీద పూలు చెక్కే కంప్యూటర్ మిషను నడిపేవాడు. 2006లో ఆ షెడ్డుకు మద్రాసు నుంచి వెయ్యి తంబురా గుర్రాలకు ఆర్డరొచ్చింది. ఫిలిప్ గీసి కోయించినవి చూపుకు ముచ్చటగా ఉన్నాయి గానీ, తంబురాకు బిగించి మీటితే రేకుడబ్బా మోగినట్టు మోగాయి. మా నాన్న రుద్దితే పలుకుతాయండీ అని అతనే అన్నాడు. ఊళ్ళలోకి కరెంటు శ్రుతిపెట్టెలు వచ్చాక పనిలేక కూర్చున్న జక్రయ్య, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు.

త్రినాథ్ గారు ఒకటే చెప్పాడు. పెద్దాయన రుద్దిన ప్రతి ముక్కనూ పదిచోట్ల కొలిచి రాయాలి. కొలతలు వేరువేరుగా ఉంటే ఆయన షెడ్డులోనే ఉంటాడు. అన్నీ ఒకటైతే ఆ కొలత మిషనుకే పెడతారు. ఫిలిప్ నిశ్చింతగా తలూపాడు. దేని వాలు దానిదేనని చిన్నప్పటినుంచీ వింటున్నవాడాయె.

వారంలో నలభై ముక్కలు అయ్యాయి. కొలిస్తే నలభైకీ వెంట్రుకవాసి తేడా లేదు. కొలిచే వెర్నియర్ చెడిందేమోనని ఇంకోటి తెచ్చి మళ్ళీ కొలిచాడు. అవే అంకెలు. పాతికేళ్ళుగా ఆ చెయ్యి, తనకే తెలియకుండా, ఒకే వాలు మీద నడుస్తోంది. కాగితం ముందు ఫిలిప్ పెన్ను పట్టుకుని గంటసేపు కూర్చున్నాడు. కాలేజీ ల్యాబులో పక్కవాడి రీడింగు ఏనాడూ ఎక్కించుకోనివాడు. ఉన్నది ఉన్నట్టే రాశాడు.

త్రినాథ్ గారు కాగితం చూసి, "మీ నాన్న చెయ్యి కాస్త వంకరగా ఉన్నా బతికిపోయేవాడయ్యా" అన్నాడు.

మర్నాడు మిషను కొత్త కొలతతో మూడు గుర్రాలు కోసింది. జక్రయ్యనే మీటి చూడమన్నారు. రెండుసార్లు మీటి, చెవి దగ్గరపెట్టి విని, బాగున్నాయన్నాడు. ఆకురాయి తుడిచి సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు.

సాయంత్రం అన్నాల దగ్గర వీరమ్మ కొడుకును నిలదీసింది.

"రాసింది నువ్వేగా? నాలుగంకెలు అటూ ఇటూ రాస్తే నీ చెయ్యి పడిపోయేదా?"

"తప్పుడు లెక్క ఎట్లా రాస్తానమ్మా?" అన్నాడు ఫిలిప్. అని తండ్రివైపు చూశాడు. పరాయి పొలంలో మిరపకాయ కోసుకొచ్చినందుకు తనను కొట్టి, తిరిగి ఇచ్చి రమ్మన్న మనిషి. తన పక్షానే మాట్లాడతాడనుకున్నాడు.

జక్రయ్య ముద్ద మింగాడు.

"అటూ ఇటూ రాయాల్సిందిరా" అన్నాడు.

కోపంగా అనలేదు. మజ్జిగ అందుకోమన్నట్టు అన్నాడు.