ఇంటిలోపలి శబ్దం

సంచి అడుగున మందుల డబ్బా పెట్టాను. దారిలో వెతుక్కోవలసి వస్తుందేమోనని మళ్లీ తీసి పైన పెట్టాను. నాలుగు జతల బట్టలు, తువ్వాలు, కళ్లజోడు, దగ్గు మందు సీసా. సీసా మూత బిగిసిందో లేదో మూడుసార్లు చూశాను.

"వారం రోజులకి ఇన్నెందుకక్కా? నన్ను అటే తోలేస్తున్నావా ఏంటి?" అంది మా చెల్లి మంచం మీద కూర్చుని.

"నోరు మూసుకుని స్వెట్టరు వేసుకో."

"నోరు మూసుకోలేకేగా పోతున్నాను," అని నవ్వబోయి దగ్గింది.

ఆ దగ్గు మా వెనక గోడ అవతలి షెడ్డు ఇచ్చింది. అక్కడ రాళ్లు కోస్తారు. పొద్దున ఏడింటికి రంపం మొదలైతే మా అరలో గిన్నెలు వణుకుతాయి. చెల్లిది జబ్బు గుండె. ప్రశాంతంగా ఉండాలని డాక్టరు రాసిచ్చాడు. అది రోజుకెన్నిసార్లు వేసుకోవాలో మాత్రం రాయలేదు. రంపం ఆగకపోతే చెల్లిని ఇక తన దగ్గరే ఉంచుకుంటానని తమ్ముడు తేల్చి చెప్పాడు. నలభై ఏళ్లుగా ఆ రెండు గదుల్లో ఉన్నది మేమిద్దరమే.

శబ్ద నియంత్రణ కార్యాలయంలో ఫిర్యాదు ఇస్తే ఒక కరపత్రం చేతిలో పెట్టారు. నేను బడికి వెళ్లలేదు. పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. అందుకే అచ్చులో ఉన్న మాటంటే నాకు భయం. ఇళ్లున్న చోట పగలు యాభై అయిదు డెసిబెళ్లు దాటకూడదని అందులో ఉంది. షెడ్డువాళ్లకు తెలిసిపోకుండా వారంలోగా అధికారి చెప్పకుండా వచ్చి, మన కిటికీ దగ్గర పావుగంట కొలుస్తాడట. అప్పుడు "ఇంటిలోపలి శబ్దం ఉండరాదు." ఆ ముక్క వేలు పెట్టి నాలుగుసార్లు చదివాను. గోడగడియారం ఆపేశాను. కారే కుళాయికి గుడ్డ చుట్టాను. మిగిలింది చెల్లి దగ్గు. అది పావుగంట ఆగేది కాదు.

తమ్ముడు వచ్చి తీసుకెళ్లాడు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి అంది: "తొందరగా కొలిపించు. మన మరదలి టీవీ కూడా రంపానికేం తీసిపోదు."

ఆ వారం కొలతలాయన రాలేదు. కార్యాలయానికి వెళ్లి అడిగితే, "ఉన్నది ఒక్క మీటరమ్మా, ఊళ్లన్నీ తిరగాలి," అన్నారు. రెండో వారం ఆ మీటరునే మరమ్మతుకు పంపారు. చెల్లి రోజూ ఫోను చేసేది.

"వచ్చేయనా?"

"ఇప్పుడొస్తే అంతా చెడుతుందే. ఇంకో రెండు రోజులు."

"నీ రెండు రోజులు రబ్బరులా సాగుతున్నాయక్కా. ఇక్కడ నాకు నిద్ర పట్టట్లేదు."

ఫిబ్రవరి ఇరవై, గురువారం, పగలు పదకొండింటికి కొలతలాయన వచ్చాడు. మీటరు తలకు నల్ల స్పాంజి తొడిగి కిటికీలో నిలబెట్టాడు. నేను కొంగు నోట్లో కుక్కుకుని మూల నిలబడ్డాను. డెబ్బై నాలుగు వచ్చింది.

"నోటీసిస్తాం. పదిహేను రోజుల్లో ఆపాల్సిందే," అన్నాడు. "మీరెందుకలా బిగుసుకుపోయారు పెద్దమ్మా?"

"దగ్గొస్తుందేమోనని బాబూ. మా చెల్లిని అందుకే పంపేశాను." కరపత్రంలో ఆ ముక్క చూపించాను.

ఆయన చదివి కరపత్రం తిరిగి నా చేతిలో పెట్టాడు. "ఇది టీవీల గురించమ్మా. ఎవరైనా దగ్గితే ఈ బటన్ నొక్కి ఆ కాస్తా లెక్కలోంచి తీసేస్తాం. ఇంట్లో మనుషులుండకూడదని ఎవరంటారు?"

ఆయన మెట్లు దిగకముందే ఫోను చేశాను.

"దగ్గుకి బటనుందా?" అంది చెల్లి. "ముందే తెలిస్తే నాకూ ఒకటి పెట్టించేదానివి."

"తిట్టవే నన్ను."

"వచ్చి తిడతాలే. శనివారం సాయంత్రం బస్సుకి తమ్ముడు ఎక్కిస్తానంటున్నాడు."

నోటీసు అంటించాక షెడ్డు మార్చి ఏడున మూతపడింది. మా చెల్లి తిరిగి రాలేదు. ఫిబ్రవరి ఇరవై రెండు, శనివారం, మధ్యాహ్నం రెండున్నరకు తమ్ముడింట్లో పోయింది.