నిండితేనే లాంచి

మార్చి పన్నెండో తేదీ దర్జీకి ఇప్పటికీ గుర్తే. ఆ మధ్యాహ్నం తిన్నది ఒక ఉడికిన గుడ్డు, అదీ నిలబడి, లాంచి వెళ్లిపోతుందేమోనన్న భయంతో. ఆ భయం దండగైంది. లాంచి రేవులో బండరాయిలా పడి ఉంది.

అవతలి ఒడ్డున కంటి ఆసుపత్రిలో అక్కకు ఆ సాయంత్రం కట్టు విప్పుతారు. "ముందు నీ మొహమే చూస్తాన్రా. ఆ తర్వాత ఏది చూసినా అందంగానే ఉంటుంది" అని ఫోన్లో నవ్వింది. చీకటి పడితే చూడవచ్చినవాళ్లను లోపలికి రానివ్వరు.

మునుపు లాంచి గంటగంటకూ కదిలేది. డీజిలు ఖర్చు గిట్టడం లేదని, సీట్లు నిండితేనే తీసే పద్ధతి పెట్టారు. ఆ రేకుల కప్పు కింద కూర్చోవడమంటే పెనం మీద కూర్చోవడమే. అందుకని జనమంతా టీ కొట్టు నీడలో చేరి, నిండాక ఎక్కుదామని చూస్తున్నారు. అందరూ అలా చూస్తుంటే అది నిండేదెప్పుడు?

"ఇంతమందిమి ఉన్నాం కదయ్యా, తియ్యవయ్యా!" అని లాంచి నడిపే సరంగు మీద అరిచాడు దర్జీ.

"కొట్లో ఉన్నోళ్లు నా లెక్కలోకి రారు బాబూ. సీట్లో కూర్చుంటేనే ప్యాసింజరు" అన్నాడు సరంగు, తీరిగ్గా చెవిలో పుల్ల తిప్పుకుంటూ.

దర్జీకి ఒళ్లు మండింది. కొట్టు వైపు తిరిగాడు. "లేవండమ్మా! మనం ఎక్కితేనే కదా అది కదిలేది!"

"నువ్వు పద నాయనా, నీ వెనకే వస్తాం" అంది గంపల ముసలమ్మ, కాళ్లు ఇంకాస్త చాపుకుని.

"ఇందాకట్నుంచీ మీరూ ఇక్కడే ఉన్నారు కదా మాస్టారూ?" అన్నాడు టీ కొట్టాయన.

నిజమే. రెండో టీ తాగుతున్నది తనే. నాలుక కరుచుకుని, వెళ్లి లాంచిలో ఒక్కడే కూర్చున్నాడు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది.

కాసేపటికి ముసలమ్మ మనసు కరిగింది. "అయ్యో, ఒక్కడూ మాడిపోతున్నాడే" అంటూ వచ్చి పక్కన కూర్చుని, తన గొడుగు అతని వైపుకూ వంచింది. ఆమె వెనక ఒక్కొక్కరే ఎక్కారు. తీరా నిండబోతుంటే ఒక పెద్దమనిషి లేచి, "నిండాక పిలవండి, సిగరెట్టు కాల్చుకొస్తా" అన్నాడు. అతన్ని చూసి ఇంకో ముగ్గురు లేచారు.

"కూర్చోండయ్యా! అక్కడ మా అక్క కళ్లు తెరవాలి!" అని గావుకేక పెట్టాడు దర్జీ.

ఎవరికేం అర్థమైందో గానీ, లేచినవాళ్లు మళ్లీ కూర్చున్నారు. వెనక సీట్లు కొన్ని ఇంకా ఖాళీగానే ఉన్నాయి. సరంగు అటు చూడనట్టు నటించి ఇంజను తిప్పాడు.

ఆసుపత్రికి చేరేసరికి చీకటి పడనే పడింది. గుమ్మంలో నర్సు ఎదురైంది. "తమ్ముడు మీరేనా? కట్టు విప్పి చాలాసేపైంది. మీ అక్కగారు కళ్లు తెరవనంటే తెరవననేశారు. ఆపరేషను చెడిందేమోనని డాక్టరుగారు హడలిపోయారు, సంగతి తెలిశాక చిర్రుబుర్రులాడుతూ ఇంటికెళ్లారు. టైము అయిపోయింది గానీ... రండి, చప్పుడు చెయ్యకండి."

మంచం మీద అక్క, కళ్లు గట్టిగా మూసుకుని, దాగుడుమూతలాడే పిల్లలా కూర్చుని ఉంది.

"అక్కా."

మెల్లగా కళ్లు తెరిచింది. అతన్ని పైనుంచి కింది దాకా చూసింది. "ఏంట్రా, ఇంత ముసలాడివైపోయావు?"

"బయలుదేరినప్పుడు కుర్రాణ్ణే అక్కా."

తిరుగు లాంచి ఎలాగూ లేదు. నర్సు అతన్ని వెళ్లమనలేదు. ఒక దుప్పటి తెచ్చి బెంచీ మీద పెట్టి, దీపం తగ్గించి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.