సీసం మీద చదివిన మాట

డార్కస్ పెల్‌ను బండి వెనక కట్టి, కొరడాతో కొడుతూ మా సందులోంచే తీసుకుపోయారు. శుక్రవారం, పట్టపగలు. లండన్‌లో వీధి వీధి తిరిగి కరపత్రాలు అమ్ముకునే అరవయ్యేళ్ళ మనిషి. ఆమె అమ్మిన కాగితంలో ఒక్క ప్రశ్న ఉంది: రాజుకి అధికారం ఎవరిచ్చారు? తనకు చదువు రాదని ఆమె న్యాయాధికారికి చెప్పుకుంది. చదవకపోయినా కేకేసి అమ్మావు కదా, అది చాలు అన్నాడట. అచ్చు వేసిందెవరో చెప్పకపోతే వచ్చే శుక్రవారం మళ్ళీ ఇంతే అన్నాడట. మళ్ళీ ఇంతే అయితే డార్కస్ బతకదని ఆ వీపు చూసిన ప్రతివాళ్ళకీ తెలుసు.

అచ్చు వేసింది మేమే.

ఆ మధ్యాహ్నమే చాపెల్ కూడింది. అచ్చుశాల పనివాళ్ళ కూటాన్ని మేం అలా పిలుచుకుంటాం. యజమానికి అందులో చోటు లేదు. అందరికంటే పాతవాణ్ణి నాన్నా అంటాం. అప్పటి మా నాన్న మైల్స్. ఆయన కొయ్య సుత్తి ఎప్పుడో పగిలితే తోలు చుట్టుకున్నాడు. దానితో బల్ల మీద కొడితే కూటం మొదలైనట్టు. మిగతా సుత్తుల్లా అది టక్కుమనదు, దుబ్బుమంటుంది.

ఇలాంటి కాగితాలు వెయ్యడం ఇక చాలన్నాడు మైల్స్. రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం జరిగిన రోజుల్లో ఆయన ఇద్దరు కొడుకులూ చెరో పక్షాన చేరి చచ్చిపోయారు.

"నోళ్ళు లేస్తే కత్తులు లేస్తాయిరా. పైన ఒక్కడుండాలి. వాడిదే ఆఖరి మాట కావాలి. మంచివాడో చెడ్డవాడో నాకక్కర్లేదు, నిద్రపట్టనిస్తే చాలు."

"డార్కసమ్మ కూడా పడుకునే ఉంది నాన్నా, బోర్లా," అన్నాడు ప్రెస్సు పిడి లాగే హ్యూ.

అచ్చుకి అక్షరాలు పేర్చే కంపోజిటరు ఆంబ్రోస్ లేచాడు. "పైన ఒక్కడే ఉండనీ, ఒప్పుకుంటాను. మన చేతులు కడతాడు, కాళ్ళకి హద్దు పెడతాడు. నీ పుర్రెలో నువ్వనుకునేదాన్ని ఎలా కడతాడు? కట్టలేడు. అందుకే నోరు కడతాడు. లోపల ఒకటి పెట్టుకుని బయట ఒకటి చెప్పే జనాన్ని తయారుచేసి, దానికి శాంతి అని పేరు పెడతాడు."

ఆడవాళ్ళకి చాపెల్‌లో చెయ్యెత్తే హక్కు లేదు. నేను మూల నిలబడే అడిగాను: అధికారం ఇచ్చింది జనమే అని రాశాం కదా, ఆ జనంలో డార్కస్ ఉందా లేదా?

డార్కస్ కోసం ఇంకో కరపత్రం వెయ్యాలని పదకొండు చేతులు లేచాయి. మైల్స్ చెయ్యి లేవలేదు. కానీ చేతులు లేచాక చాపెల్‌లో రెండో మాట ఉండదు, మా మీద మేం పెట్టుకున్న ఏలిక అదొక్కటే. డార్కస్ మీద రాసిన కొత్త కరపత్రానికి ప్రెస్సు మీద మొదటి కాగితం పరిచింది మైల్సే.

నాకు అక్షరాలు వచ్చింది నలభై నాలుగో ఏట, ప్రెస్సు లాగే నా భర్త జ్వరంతో పోయాక. వాడిన సీసపు అక్షరాలు కడిగి గళ్ళలో సర్దే పని ఇచ్చారు. సర్దుతూ సర్దుతూ నేర్చుకున్నాను. సీసం మీద అక్షరం తిరగబడి ఉంటుంది. నాకొచ్చిన చదువు అదే. కాగితం ఇస్తే వెలుతురుకి పట్టుకుని వెనకవైపు నుంచి చదివేదాన్ని. థామసినక్క చదువులోకి దొడ్డిదారిన వచ్చిందని హ్యూ నన్ను ఏడిపించేవాడు. కుర్రాడెవడైనా ఏడేళ్ళు పని నేర్చి పనివాడైన రోజున, అతని కోసం అందరూ సుత్తులతో బల్లలు బాదుతారు. ఆడదాని కోసం ఎవరూ బాదలేదు.

గురువారం పొద్దున సోదా వచ్చింది. రాజుగారి అనుమతి లేని అచ్చును వెతికే అధికారి, వెంట ఆరుగురు సిపాయిలు. తాళ్ళ మీద ఇంకా ఆరని కాగితాలన్నీ లాగేశారు. అధికారి ఒకటి నా మొహం ముందు పెట్టి చదవమన్నాడు.

"ఇలా నాకు రాదు దొరా."

"మరి ఇక్కడేం చేస్తున్నావు?"

"అక్షరాలు విప్పి గళ్ళలో వేస్తాను."

"అయితే అది విప్పు," అని బల్ల మీది ఇనుప చట్రం చూపించి, కాగితాలు తగలబెట్టించడానికి సందులోకి వెళ్ళాడు. మా కరపత్రమంతా ఆ చట్రంలో బిగించి ఉంది.

నేను విప్పలేదు. బయటికి మొయ్యండి అన్నాను. ఇది చాపెల్ మాట కాదు, నా మాట. మైల్స్ తల తిప్పుకున్నాడు. ఆంబ్రోస్, హ్యూ చెరో కొస పట్టారు.

మంట చుట్టూ సందంతా మూగి ఉంది. కరపత్రాలమ్మే ఆడవాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు, న్యాయశాస్త్రం చదివే కుర్రాళ్ళు. పీపా మీద చట్రం పెట్టించి, సీసం మీద వేలు పెట్టి చదివాను.

"డార్కస్ పెల్ ఎవర్నీ కొట్టలేదు. ఒక ప్రశ్న అమ్మింది. ప్రశ్నకి కొరడాతో బదులిచ్చేవాడి దగ్గర జవాబు లేదు. ఏలమని అధికారం ఇచ్చింది మనం. ఆలోచన మాత్రం ఇవ్వలేదు, ఇద్దామన్నా ఇవ్వలేం. శుక్రవారం జైలు గుమ్మం దగ్గరికి రండి."

ఒక్కో వాక్యం నేను చదవడం, వెనకే జనం అనడం. కాగితాలన్నీ కాలిపోతుంటే ఇది దేన్ని చూసి చదువుతోందని అధికారి కేకలేశాడు. సిపాయి పీపాని తన్నాడు. అక్షరాలు రాళ్ళ మీద చెల్లాచెదురయ్యాయి. చేపలమ్మే ఆమె ఒకటి ఏరి ఒళ్ళో వేసుకుంది. ఆ పక్కనున్నామె ఇంకోటి. సిపాయిలు నా చేతులు కట్టేలోపు నేల మీద ఒక్క అక్షరం మిగల్లేదు.

జైల్లో డార్కస్ గడ్డి మీద బోర్లా పడుకుని ఉంది. ఆరు రోజులుగా అడుగుతున్నా ఆమె మా పేరు చెప్పలేదు. తను అమ్మినదాంట్లో ఏముందో ఇప్పుడైనా చెప్పమంది. చెప్పాను.

"బాగానే అడిగారే. తెలిసుంటే ఇంకాస్త గట్టిగా కేకేద్దును."

మా అచ్చుశాల దొరికినా డార్కస్ శిక్ష రద్దు చెయ్యలేదు. శుక్రవారం పొద్దున జైలు ముంగిట్లో బండికి గుర్రాన్ని కట్టారు. కొరడా నీళ్ళలో నానేశారు. తాళంచెవులవాడు మా గది వైపు వస్తుండగా గోడ అవతల చప్పుడు మొదలైంది. మొదట ఒక్కటే సుత్తి. టక్కుమనలేదు, దుబ్బుమంది. దాని వెనక పది, వంద, ఆ తర్వాత కుండలు, పీపాలు, కిటికీ తలుపులు. గుర్రం బెదిరి వెనక్కి తన్నింది. గుమ్మం తీయమని పైనుంచి రెండుసార్లు ఆజ్ఞ వచ్చింది. తాళంచెవులవాడు గుమ్మం వైపు చూశాడు, కదల్లేదు.

"ఏంటే ఆ బాదుడు?" అంది డార్కస్.

"ఎవరో పనివాళ్ళయ్యారు పెద్దమ్మా."

"ఎంతమందేంటి?"

"విను," అన్నాను.

ఆ రోజు బండి గుమ్మం దాటలేదు.