గెట్టు మీద గొంతు

మా మామ ఎల్లం గొంతు తెలియనివాళ్లు హవేలిఘనపూర్ పొలాల్లో లేరు. మనిషి సన్నం. పక్కన నిలబడితే నాకంటే పొట్టి. కానీ మోటరు రూం దగ్గర నిలబడి "ఎవడ్రా అది" అన్నాడంటే రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగి చూసేవాళ్లు.

మా పొలానికీ, వరసకు మామ తమ్ముడైన భూమయ్య పొలానికీ మధ్య ఒక గెట్టు ఉంది. ఏటా నాట్లకు ముందు భూమయ్య దాన్ని తన వైపు నుంచి కాస్త చెక్కుతాడు. మామ దూరం నుంచే అరుస్తాడు. భూమయ్య కూడా నాలుగు మాటలు అరిచి, పార భుజాన వేసుకుని వెళ్లిపోతాడు. ఇద్దరూ దగ్గరికి వచ్చింది లేదు, ఒకరి మీద ఒకరు చెయ్యి వేసింది లేదు. నా పెళ్లయినప్పటి నుంచీ చూస్తున్నాను. గెట్టు మాత్రం అరిగీ అరగనట్టు అలాగే ఉంది.

కిందటి చలికాలంలో మామకు గొంతు కేన్సర్ అని తేలింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింది భాగంలో ఒక రంధ్రం పెట్టారు. ఊపిరి ఇక దానిలోంచే. ముక్కుకూ నోటికీ ఊపిరితిత్తులతో సంబంధం తెగిపోయింది. ఇంటికి పంపేముందు డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పింది. స్నానంలో మెడకు నీళ్లు తగలకూడదు. బావి, చెరువు దగ్గరికి పోనివ్వకూడదు. ఊపిరి ఆడకపోతే గాలి మెడ దగ్గర ఊదాలి, నోట్లో కాదు.

కారు మెదక్‌లో మా ఇల్లు చేరేలోపే మామ కండువాను మెడ చుట్టూ గడ్డం దాకా చుట్టుకున్నాడు. హవేలిఘనపూర్ వైపు చెయ్యి చూపించి, పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"భూమయ్య కాకకు తెల్వద్దంటున్నవు, అంతే గద బాపు?" అన్నాడు నా భర్త నగేష్.

మామ తల ఊపాడు. అందుకని అడిగినవాళ్లందరికీ గొంతు పట్టుకుందని, డాక్టర్ మాట్లాడొద్దన్నాడని చెబుతూ వచ్చాం.

మాట పోయాక మామ పొద్దంతా ముందు గదిలో నా చేపల తొట్టి ఎదురుగా కూర్చునేవాడు. డిగ్రీలో జువాలజీ చదివిన ఇష్టం కొద్దీ క్రోకింగ్ గౌరామీలు పెంచుతాను. బొటనవేలంత చేపలు. రెండు మగవి ఎదురుపడితే పక్కపక్కన చేరి, రెక్కలన్నీ విప్పి, ఒళ్లు ఎంత పెద్దదో చూపించుకుంటాయి. ఆ వెంటే రొమ్ము దగ్గరి రెక్కలు కొట్టి కిర్రు కిర్రుమంటాయి. అద్దానికి చెవి ఆనిస్తే వినిపిస్తుంది. పెద్దదాని చప్పుడు బరువుగా ఉంటుంది. అలా చూసి, విని, తనదే తక్కువని తెలుసుకున్న చేప రెక్కలు ముడుచుకుని పక్కకు తప్పుకుంటుంది. కరుచుకునే దాకా రావడం తక్కువ.

ఎండాకాలంలో పెద్ద మగచేపకు రొమ్ము రెక్కలు కుళ్లి రాలిపోయాయి. ఒళ్లు అంతే ఉంది, రంగు అంతే ఉంది, చప్పుడే లేదు. చిన్నది వచ్చి పక్కన నిలబడింది. కిర్రుమంది. ఆగింది. మళ్లీ కిర్రుమంది. జవాబు లేదు. తప్పుకోవాలో ఉండాలో దానికి తెలియలేదు. కాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి పొట్ట మీద కరిచింది. నేను జాలీ పెట్టి విడదీసేసరికి పెద్దదాని పొలుసులు లేచిపోయాయి. అది చూసిన మామ లేచి వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వానలు పడ్డాయి. పక్క పొలం ప్రకాశం ఫోన్ చేశాడు.

"నగేషూ, మీ కాక గెట్టు చెక్కుతుండు. ఈసారి మస్తు చెక్కిండు. మీ బాపు ఏడవోయిండు? ఆయన అరవంది గా పార ఆగేటట్టు లేదు."

నగేష్‌కు మెదక్‌లో మోటరు స్టార్టర్లు, పైపులు అమ్మే దుకాణం ఉంది. అడవి పందులను బెదరగొట్టే మైకులు కూడా అమ్ముతాడు. మనిషి కేకలు రికార్డు చేసి పెడితే, చిన్న బ్యాటరీ మీద పొలమంతా వినబడేలా అరుస్తూనే ఉంటాయవి. నిరుడు భూమయ్య మీద అరిచినప్పుడు మామ ఆ అరుపును సాక్ష్యంగా ఉంటుందని ఫోన్‌లో రికార్డు చేసి నగేష్‌కు పంపాడు. నగేష్ దాన్ని మైకులోకి ఎక్కించి, పొద్దునా సాయంత్రం కాసేపే అరిచేలా టైమరు పెట్టాడు.

"పందుల మైకుల మామ గొంతు పెడతరా?" అన్నాను.

"మైకు మైకే చంద్రికా. పందికైతేంది, కాకకైతేంది?"

"ఆయన దగ్గరికొచ్చి చూస్తే?"

"ఇన్నేండ్లల్ల ఎన్నడన్న వచ్చిండా?"

నిజమే, రాలేదు. నగేష్ మైకును మోటరు రూం మీద, పాత గోనెసంచుల వెనక కట్టి వచ్చాడు.

మర్నాడు ప్రకాశం మళ్లీ ఫోన్ చేశాడు. "మీ బాపు కనవడలే గని మంచిగ ఇనవడ్డడు! మీ కాక పార వట్టుకోని ఒకటే పోవుడు." నగేష్ పడీ పడీ నవ్వాడు. మామ కూడా నవ్వాడు. ఆయన నవ్వు మెడలోంచి ఈలలా వచ్చింది.

కానీ మైకు ఎప్పుడూ అవే మాటలు, అదే వరసలో అంటుంది. వారం తిరక్కుండానే ప్రకాశం గొంతు మారింది.

"మీ కాక గెట్టు మీదనే కూసున్నడు. మీ బాపు అరుస్తాంటే బీడీ తాగుతుండు."

ఫోన్ స్పీకర్‌లో ఉంది. మామ విన్నాడు. లేచి తెల్ల చొక్కా తొడుక్కుని, కండువా చుట్టుకుని వెళ్లి బైకు పక్కన నిలబడ్డాడు. నేను అడ్డం వెళితే చేత్తో పక్కకు జరిపాడు.

"మడిల నీళ్లున్నయి మామ, డాక్టరమ్మ ఏం చెప్పింది?" అన్నాను.

"మడిలకు దిగుతడా ఏంది?" అన్నాడు నగేష్. "గెట్టు మీద ఊకె నిలవడుతడు. నేను అవుతల మైకు ఏస్త. మనిషి కనవడి, గొంతు ఇనవడ్డదంటే కాక ఇగ రాడు."

వాళ్లు బైకు మీద వెళ్లారు. నేను ఆటోలో వెనకే వెళ్లాను. నేను రోడ్డు మీద దిగేసరికి మామ గెట్టు మీద ఉన్నాడు, ఛాతీ విరుచుకుని. రెండు వైపులా దమ్ము చేసిన మడులు, బురదనీళ్లు. భూమయ్య బీడీ పారేసి లేచాడు. ఇన్నేళ్లలో మొదటిసారి మామ వైపు నడిచి వచ్చాడు.

"ఎవడ్రా గెట్టు మీద!" అంది మోటరు రూం.

మామ నోరు తెరిచాడు, కాస్త ఆలస్యంగా. గొంతు వెనక నుంచి వస్తోంది, నోరు ముందు ఆడుతోంది. భూమయ్య ఆగి మామ నోటిని చూశాడు. మోటరు రూం వైపు చూశాడు.

"పార కింద వెట్టు! నేనొస్తున్న, ఆడనే ఉండు!"

"నా చేతిల పార లేదు ఎల్లన్నా," అన్నాడు భూమయ్య. చేతులు రెండూ చాపి చూపించాడు. తర్వాత అతని ముఖం మారింది. "గది పందుల మైకు గదనే? నన్ను పందిని చేసినవా అన్నా?"

మామ కదల్లేదు.

"తిట్టు. మొకం మీద తిట్టు, పడ్త. ఇన్నేండ్లు వడలేదా? నోరు దెర్వవేంది? పందులకు మైకు వెట్టినట్టు వెడితివి, గిప్పుడు మాట్లాడనీకి గూడ నేను తక్కువైన్నా?"

నేను మడుల మధ్య సన్నటి మట్టి వరాల మీద పరుగెత్తుతున్నాను. ఇద్దరి మధ్య జానెడు దూరం కూడా లేదు. మామ వెనక్కి తగ్గి ఉంటే భూమయ్య ఆగిపోయేవాడేమో. మామ తగ్గలేదు. భూమయ్య మామ ఛాతీ మీద అరచెయ్యి పెట్టి నెట్టాడు.

మామ మడిలో వెల్లకిలా పడ్డాడు. పిక్క కూడా మునగని నీళ్లు. ఇంకొకరైతే తిట్టుకుంటూ లేచేవాళ్లు.

"మెడ! మెడ లేపుండ్రి!" అని అరిచాను.

భూమయ్యకు అర్థం కాలేదు. ముందు నిలబడి చూశాడు. మామ చేతులు నీళ్లను కొట్టడం చూసి తానూ మడిలోకి దూకాడు. మామను ఒళ్లోకి లాక్కుని, ముఖం మీది బురద తుడిచి, నోటికి నోరు పెట్టి ఊదాడు. మామ బుగ్గలు ఉబ్బి, మళ్లీ తగ్గాయి. ఛాతీ లేవలేదు. మళ్లీ ఊదాడు. తడిసిన కండువా మెడకు అంటుకుని ఉంది.

నేను చేరుకుని కండువా లాగేశాను. రంధ్రం నిండా బురద. వేలితో తోడి, అక్కడ నోరు పెట్టి ఊదాను. బురద నా నోట్లోకి వచ్చింది. ఉమ్మి మళ్లీ ఊదాను. ఆ రంధ్రం చూసి భూమయ్య ఊదడం ఆపేశాడు. నగేష్ ఎప్పుడు వచ్చాడో నాకు తెలియదు.

మెదక్ దవాఖానాలో డాక్టర్ చూసి, తీసుకొచ్చేలోపే ప్రాణం పోయిందన్నాడు.

వరండాలో భూమయ్య నేల మీద కూర్చున్నాడు. మా ఇద్దరి బట్టల మీదా ఒకే బురద ఆరుతోంది. "సంపినవ్ గద కాకా, మా బాపును సంపినవ్ గద," అని నగేష్ అరుస్తుంటే తల ఎత్తలేదు. కాసేపటికి నన్ను అడిగాడు.

"గా బెజ్జం ఎప్పటిసంది బిడ్డా?"

"చలికాలంల ఆపరేషన్ అయింది చిన్నమామ. గొంతు మొత్తం తీసేసిండ్రు."

"నాకెందుకు చెప్పకపోతిరి?"

"చెప్తే మీరు గెట్టు తీస్కుంటుంటిరి."

అతను ఆలోచించాడు. అబద్ధం చెప్పలేదు.

"తీస్కుంటుంటి," అన్నాడు. "గెట్టు తీస్కుంటుంటి బిడ్డా. మనిషిని ముట్టకపోతుంటి."

కానిస్టేబుల్ వచ్చాడు. పేర్లు, వరసలు అడిగాడు. నెట్టడం కళ్లారా చూసిందెవరని అడిగితే నేనే అన్నాను.

"కొట్టిండని చెప్పు," అన్నాడు నగేష్ నా చెవి దగ్గర. "గొంతు వట్టిండని చెప్పు చంద్రికా."

"కొట్టలేదు," అన్నాను కానిస్టేబుల్‌తో. "నెట్టిండు."

"ఎంత గట్టిగ నెట్టిండమ్మా?"

మాటల్లో చెప్పడం చేతకాలేదు. నగేష్ ఛాతీ మీద అరచెయ్యి పెట్టి, నేను చూసినంత బలంతోనే, ఎక్కువా తక్కువా కాకుండా నెట్టి చూపించాను. అతను ఒక్క అడుగు కూడా కదల్లేదు.